నెట్ తీసేయిస్తే పెనాల్టీ బిల్లా? లెక్క విడదీసి అడగండి

సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ అద్దె ఇల్లు మారేవాళ్లు తేల్చుకోవాల్సిన లెక్కలు ఇదివరకు మూడే: కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఓనరు దగ్గరున్న అడ్వాన్సు. ఇప్పుడు వాటికి నెట్ కనెక్షన్ తోడైంది. బదిలీ అయిన ఉద్యోగి, చదువు అయిపోయిన మెడికల్ కాలేజీ విద్యార్థి, సీజన్ దాటాక గది ఖాళీ చేసిన ధాన్యం కమీషన్ వ్యాపారి, ఎవరైనా చేసేది ఒకటే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ‘కనెక్షన్ తీసేయండి’ అంటారు. కుర్రాడొచ్చి బాక్స్ పట్టుకుపోతాడు. కొన్నాళ్లకు మెసేజ్ వస్తుంది: ముందస్తు రద్దు చార్జీతో కలిపి మీరు కట్టాల్సింది ఇన్ని వేలు అని.

అప్పుడు కొందరు ‘పోతే పోయినై’ అనుకుని కట్టేస్తారు. ఇంకొందరు ‘పైసా కట్టను, ఏం చేసుకుంటారో చేసుకోండి’ అని నంబరు బ్లాక్ చేస్తారు. మొదటివాళ్లు కట్టనక్కర్లేనిది కడుతున్నారు. రెండోవాళ్లు కట్టాల్సింది కూడా ఎగ్గొట్టి, తమ న్యాయాన్ని తామే పలచన చేసుకుంటున్నారు. అసలు దారి వేరే ఉంది. బిల్లును వరుసల వారీగా విడదీయాలి, ఇవ్వాల్సింది ఇచ్చేయాలి, మిగిలినదానికి కారణం చూపమని కాగితం మీద అడగాలి. ‘ఇంత కట్టాను, ఈ మిగతాది ఎందుకు కట్టాలో చూపండి’ అన్నవాడి మాటకు కాల్ సెంటర్ నుంచి వినియోగదారుల కమిషన్ దాకా ప్రతిచోటా విలువ ఉంటుంది. ఆ దారిని మెట్టు మెట్టుగా చూద్దాం.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కనెక్షన్ తీసుకున్న రోజు నింపిన దరఖాస్తు, లేదా ఓటీపీ చెప్పాక వచ్చిన ఈమెయిల్, మెసేజ్
- ప్లాన్ వివరాలు: నెల అద్దె, ఎన్ని నెలల కట్టుబాటు, డిపాజిట్ ఎంత
- ఇప్పటిదాకా వచ్చిన బిల్లులు, కట్టిన రసీదులు
- నెట్ పోయినప్పుడల్లా ఇచ్చిన ఫిర్యాదుల నంబర్లు
- కేబుల్ ఆపరేటర్‌తోనో, ఫ్రాంచైజీ వాళ్లతోనో నడిచిన వాట్సాప్ సంభాషణ
- రూటర్, ఫైబర్ బాక్స్ వెనక ఉండే సీరియల్ నంబరు కనబడేలా తీసిన ఫొటో

మన ఊళ్లలో పెద్ద కంపెనీ కనెక్షన్ కూడా చాలాచోట్ల స్థానిక కేబుల్ ఆపరేటర్ చేతుల మీదుగానే ఇంటికొస్తుంది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌ది కూడా అదే పద్ధతి. కాబట్టి ‘మీకు ఎప్పుడైనా తీసేసుకోవచ్చన్నా’ అని ఆపరేటర్ నోటిమాటగా చెప్పింది ఒకటి, కంపెనీ షరతుల్లో ఉన్నది ఇంకొకటి అవుతుంది. దరఖాస్తు కాపీ లేకపోతే కంపెనీని ఈమెయిల్‌లో అడగండి. మీరు చేరిన తేదీన అమల్లో ఉన్న షరతులే కావాలని స్పష్టంగా రాయండి. వెబ్‌సైట్‌లో ఈ రోజు కనిపించే షరతులు మీరు సంతకం పెట్టినవే కానక్కర్లేదు.

బీఎస్ఎన్ఎల్ చందాదారులకు ఇంకో సౌకర్యం ఉంది. అది ప్రభుత్వ సంస్థ కాబట్టి సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి, మీ దరఖాస్తు ఫారం నకలు, మీ ప్లాన్‌కు సంబంధించిన టారిఫ్ ఉత్తర్వు, రద్దు చార్జీ ఏ నిబంధన కింద వేశారన్న వివరం అడగొచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

1. తీసేయమనే ముందు షిఫ్టింగ్ అడగండి

కట్టుబాటు గడువు ఉండగానే ఇల్లు మారాల్సి వస్తే, ముందు అడగాల్సింది రద్దు కాదు, కొత్త చిరునామాకు మార్పు. కోదాడ నుంచి మిర్యాలగూడకు మారుతున్నారనుకోండి. ‘ఫలానా వీధిలోని ఫలానా ఇంటికి మార్చండి’ అని యాప్‌లో గానీ, ఈమెయిల్‌లో గానీ అభ్యర్థన పెట్టండి. లైన్ ఉంటే మారుస్తారు, గొడవే ఉండదు. ‘అక్కడ మా లైన్ లేదు’ అంటే ఆ సమాధానం రాతలో తీసుకోండి. మీరు సేవ కొనసాగించడానికి సిద్ధంగా ఉన్నారు, ఇవ్వలేనిది వాళ్లు. తర్వాత పెనాల్టీ అడిగితే మీకున్న గట్టి ఆధారం ఇదే.

నెట్ సరిగా రాక తీసేయిస్తున్నవాళ్లకు దీని బదులు ఫిర్యాదుల చరిత్ర కావాలి. ఏ రోజు పోయింది, ఏ నంబరుతో ఫిర్యాదు ఇచ్చారు, ఏ రోజు వచ్చింది అని ఒక పట్టిక రాసుకోండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో తెచ్చిన బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతా నిబంధనలు లోపం సరిచేయడంలో మూడు రోజులు దాటిన ఆలస్యానికి అద్దెలో తగ్గింపు ఇవ్వాలన్నాయి. 2024 అక్టోబరు నుంచి ఫోన్లకూ బ్రాడ్‌బ్యాండ్‌కూ కలిపి కొత్త నాణ్యతా నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ పట్టిక చేతిలో ఉంటే ‘నేను ఒప్పందం మధ్యలో వదిలేయలేదు, మీరు సేవ ఇవ్వలేదు కాబట్టి వదిలాను’ అనగలుగుతారు.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకు ఈ విషయంలో పని తేలిక. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2019లో అమల్లోకి తెచ్చిన వేగ నియమావళి ప్రకారం, అందులో చేరిన కంపెనీ హామీ ఇచ్చిన కనీస వేగం ఇవ్వలేకపోతే, 30 రోజుల్లో సరిచేయలేకపోతే, చందాదారు పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఇక్కడ మనం రాత మీదా, ఒప్పంద చట్టం మీదా, వినియోగదారుల చట్టం మీదా ఆధారపడాలి. అందుకే ఈ కాగితాల జాగ్రత్త అంతా.

2. రద్దు రాతలో, బాక్స్ రసీదుతో

ఫోన్‌లో రద్దు చెప్పినా వెంటనే ఈమెయిల్ కూడా పెట్టండి. కస్టమర్ ఐడీ, రద్దు కోరే తేదీ, కారణం, బాక్స్ ఎక్కడ ఎప్పుడు ఇస్తారన్నది ఉండాలి. సర్వీసు రిక్వెస్ట్ నంబరు అడిగి తీసుకోండి. రద్దుకు ఏడు పనిదినాలు చాలు. ఆ తర్వాత రోజులకు అద్దె పడితే దాన్ని ప్రశ్నించొచ్చు.

మన దగ్గర ఎక్కువమంది నష్టపోయేది బాక్స్ దగ్గరే. కేబుల్ కుర్రాడు బండి మీద వచ్చి బాక్స్, అడాప్టర్ సంచిలో వేసుకుని పోతాడు. రసీదు ఉండదు. రెండు నెలల తర్వాత ‘పరికరం తిరిగి ఇవ్వలేదు’ అని రెండున్నర వేలు పడుతుంది. రసీదు పుస్తకం లేదంటే తెల్ల కాగితం మీదైనా సీరియల్ నంబరు, తేదీ, అతని పేరు, సంతకం తీసుకోండి. అదీ కుదరకపోతే, ఇచ్చిన వెంటనే ఆపరేటర్ నంబరుకు వాట్సాప్ చేయండి: ‘ఈ సీరియల్ నంబరు బాక్స్, అడాప్టర్ ఈ రోజు సాయంత్రం మీ అబ్బాయికి ఇచ్చాం, అందిందని చెప్పండి.’ ‘ఓకే అన్నా’ అని వచ్చే ఆ ఒక్క మాట రసీదుతో సమానంగా పనిచేస్తుంది.

అదే రోజు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. బ్యాంకులో గానీ, యూపీఐలో గానీ ఆటోపే పెట్టి ఉంటే రద్దు చేయండి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి నెలనెలా కోతలు 15,000 రూపాయల దాకా ప్రతిసారీ ఓటీపీ అడక్కుండానే జరిగిపోవచ్చు. మీరు పెట్టిన గరిష్ఠ పరిమితి లోపు ఉంటే పెనాల్టీ బిల్లు కూడా అలాగే కోతకు వస్తుంది. డబ్బు వెళ్లిపోయాక వాదించడం కంటే వెళ్లకముందు వాదించడం సులువు.

3. బిల్లును వరుసలుగా విడదీయండి

అసలు పని ఇదే. ఆఖరి బిల్లు వచ్చాక కింద ఉన్న మొత్తాన్ని చూడకండి, పైన ఉన్న వరుసలు చూడండి. ఒక ఊహా లెక్క తీసుకుందాం. నెలకు 600 రూపాయల ప్లాన్, పన్నెండు నెలల కట్టుబాటు, 1,500 రూపాయల డిపాజిట్. ఏడు నెలలు అయ్యాక, మరో పది రోజులు వాడి తీసేయించారు. వచ్చిన బిల్లు ఇలా ఉంది:

- పది రోజుల అద్దె: 200
- ఇచ్చిన తగ్గింపు వాపసు, నెలకు 100 చొప్పున ఏడు నెలలకు: 700
- మిగిలిన ఐదు నెలల అద్దె: 3,000
- అప్పట్లో ఉచితమన్న ఇన్‌స్టలేషన్: 1,000
- రూటర్: 2,500
- 18 శాతం జీఎస్టీ: 1,332
- మొత్తం: 8,732

ఇప్పుడు ఒక్కొక్కటీ పట్టుకుందాం. పది రోజుల అద్దె మీరు వాడింది, కట్టాలి. తగ్గింపు వాపసు సంగతి దరఖాస్తులో స్పష్టంగా ఉంటే అదీ ఒప్పుకోవచ్చు. పన్నెండు నెలలు ఉంటాననే కదా తగ్గించారు.

మిగిలిన ఐదు నెలల అద్దె దగ్గర ఆగాలి. ఒకవైపు తగ్గింపు వెనక్కి తీసుకుంటూ, ఇంకోవైపు మీరు ఉండి ఉంటే వచ్చే అద్దె అంతా అడగడం ఒకే నష్టాన్ని రెండుసార్లు వసూలు చేయడం. 1872 నాటి భారత ఒప్పంద చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో పెనాల్టీగా ఒక అంకె రాసినంత మాత్రాన అదంతా వసూలు చేసుకునే హక్కు రాదు. ఆ అంకెకు మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే వస్తుంది. సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ కేసులోనూ, 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులోనూ ఈ సూత్రాన్ని వివరంగా చెప్పింది. మీరు వెళ్లిపోయాక కంపెనీ మీకు డేటా ఇవ్వడం లేదు, ఆ పోర్టు ఇంకొకరికి ఇవ్వొచ్చు, బాక్స్ వెనక్కి వచ్చింది. అలాంటప్పుడు నష్టం ఐదు నెలల పూర్తి అద్దె ఎలా అవుతుంది? ఈ ప్రశ్ననే మీ ఉత్తరంలో రాయాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒప్పందం తప్పినందుకు అవతలివారికి జరిగిన నష్టంతో ఏమాత్రం పొంతన లేని పెనాల్టీ వేసే ఒప్పందాన్ని ‘అన్యాయమైన ఒప్పందం’ అని 2వ సెక్షన్‌లోని 46వ నిర్వచనం చెబుతోంది.

ఇన్‌స్టలేషన్ సంగతి కాగితం మీద ఆధారపడి ఉంటుంది. ఉచితమని ప్రకటించి, మధ్యలో మానేస్తే వసూలు చేస్తామని చేరేటప్పుడే చెప్పి ఉంటే వాళ్లకు వాదన ఉంది. మీ ఇంటిదాకా తీగ లాగిన ఖర్చు నిజమైనదే కదా. ఎక్కడా చెప్పకపోతే లేదు. మన ఉదాహరణలో చెప్పలేదనుకుందాం. రూటర్ ఇచ్చేశారు, రుజువు ఉంది. ఆ 2,500 పోవాలి.

చివరగా డిపాజిట్. మీది 1,500 వాళ్ల దగ్గరే ఉంది, బిల్లులో ఎక్కడా తీసివేయలేదు. ఇలాంటి బిల్లుల్లో ముందు వెతకాల్సిన వరుస ఇది. కొత్త నాణ్యతా నిబంధనల ప్రకారం కనెక్షన్ మూసిన 45 రోజుల్లో డిపాజిట్ తిరిగి రావాలి. ఇదివరకు ఆ గడువు 60 రోజులు.

ఇక మీ లెక్క: అద్దె 200, తగ్గింపు 700, వాటి మీద జీఎస్టీ 162, కలిపి 1,062. డిపాజిట్ 1,500 లోంచి అది పోను మీకే 438 రావాలి. 8,732 కట్టమన్న బిల్లు, వరుసలు విడదీసేసరికి 438 తిరిగి ఇవ్వాల్సిన బిల్లయింది. ప్రతి బిల్లూ ఇలాగే తిరగబడదు. కొన్నింటిలో మీరే కొంత కట్టాల్సి రావచ్చు. ఎంత కట్టాలో తెలుసుకుని కట్టడం ముఖ్యం.

4. వివాదం లేనిది ముందు తేల్చేయండి

మీ లెక్కలో మీరే కట్టాల్సింది తేలితే ఆ మొత్తాన్ని ఆలస్యం చేయకుండా కట్టండి. యాప్‌లో పూర్తి మొత్తం తప్ప వేరేది కట్టనివ్వకపోతే, ఎలా కట్టాలో అడుగుతూ ఈమెయిల్ పెట్టండి, లేదా డిపాజిట్‌లోంచి సర్దుబాటు చేసుకోమని రాయండి. ‘ఇది వివాదం లేని భాగానికి మాత్రమే, మిగతా మొత్తాన్ని ఒప్పుకున్నట్టు కాదు’ అన్న వాక్యం తప్పనిసరి. టెలికాం కంపెనీలు క్రెడిట్ బ్యూరోల్లో సభ్యులుగా ఉంటాయి. రేపు ఇంటి లోనుకు వెళ్లినప్పుడు పాత నెట్ బాకీ కనబడితే, మీ దగ్గర తేదీలతో సహా ఈ రాత ఉండాలి.

5. ఫిర్యాదు ఉత్తరం

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ‘మీరు మోసగాళ్లు’ వంటి మాటలు వద్దు. చదివేవాడికి మీ కోపం అక్కర్లేదు, కొట్టేయాల్సిన వరుసలు కావాలి. నమూనా ఇదిగో:

‘అయ్యా, నా కస్టమర్ ఐడీ ఫలానా. ఫలానా తేదీన నా కనెక్షన్ రద్దు కోరాను, రిక్వెస్ట్ నంబరు ఫలానా. అంతకు ముందు కొత్త చిరునామాకు మార్పు అడిగితే అక్కడ లైన్ లేదని మీరు ఫలానా తేదీన తెలిపారు. పరికరాన్ని ఫలానా తేదీన అప్పగించాను, రుజువు జత చేశాను. మీరు పంపిన 8,732 రూపాయల బిల్లులో అద్దె, తగ్గింపు వాపసు, వాటి జీఎస్టీ కలిపి 1,062 రూపాయలు నాకు సమ్మతమే, దాన్ని డిపాజిట్‌లోంచి సర్దుబాటు చేసుకోండి. మిగిలిన 7,670 రూపాయలు ఈ కారణాల వల్ల ఒప్పుకోవడం లేదు: ఒకటి, మిగిలిన ఐదు నెలల అద్దె మీకు జరిగిన నష్టం కాదు. రెండు, ఇన్‌స్టలేషన్ వసూలు షరతు నాకు ఇచ్చిన కాగితాల్లో లేదు. మూడు, రూటర్ మీకు చేరింది. ఈ చార్జీలకు ఆధారమైన షరతు, దాన్ని నేను ఆమోదించినట్టు రుజువు పంపండి. లేకపోతే వాటిని తీసేసి, 438 రూపాయలు నా ఖాతాకు జమ చేసి, బాకీ లేదని పత్రం ఇవ్వండి.’

దీన్ని కంపెనీ ఫిర్యాదు కేంద్రానికి ఈమెయిల్ చేయండి, ఫోన్‌లో కూడా నమోదు చేయించండి. ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ డాకెట్ నంబరు ఇవ్వాలి. నంబరు లేని ఫిర్యాదు అసలు ఇవ్వని దాని కిందే లెక్క. పెద్ద మొత్తమైతే కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో ఒక కాపీ పంపి, రసీదు, చేరినట్టు చూపే ట్రాకింగ్ కాగితం దాచండి.

బిల్లు గొడవకు నాలుగు వారాలు ఆగండి. ఆరు వారాలు దాటితే ఇక ఎదురుచూడాల్సిన పని లేదు. ‘మీ ఫిర్యాదు మూసివేశాం’ అని కారణం చెప్పకుండా మెసేజ్ వచ్చినా పై మెట్టుకు వెళ్లొచ్చు.

6. అప్పీలు: చాలామందికి తెలియని మెట్టు

అవే 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ ఒక అప్పిలేట్ అథారిటీ ఉండాలి. ఫిర్యాదుకు వచ్చిన సమాధానం నచ్చకపోతే, లేదా గడువు లోపల సమాధానమే రాకపోతే, 30 రోజుల్లోపు అక్కడ అప్పీలు చేయొచ్చు. ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. అప్పీలును ముందు ఇద్దరు సభ్యుల సలహా కమిటీ చూస్తుంది. అందులో ఒకరు కంపెనీ మనిషి, ఇంకొకరు ట్రాయ్ దగ్గర నమోదైన వినియోగదారుల సంఘం ప్రతినిధి. ఏ కంపెనీకి ఎవరు అథారిటీ అన్నది కంపెనీ వెబ్‌సైట్‌లోనూ, ట్రాయ్ నడిపే టీసీసీఎంఎస్ పోర్టల్‌లోనూ ఉంటుంది.

కాల్ సెంటర్‌లో స్క్రీన్ మీద ఉన్న వాక్యాలు చదివే మనిషికి చార్జీ కొట్టేసే అధికారం ఉండకపోవచ్చు. అప్పీలు చూసేవారికి ఉంటుంది. పాత ఉత్తరాన్నే డాకెట్ నంబరుతో, జతలతో పంపండి. కొత్త వాదనలు వెతుక్కోనక్కర్లేదు.

చాలామంది నేరుగా ట్రాయ్‌కే రాస్తారు. విడి మనుషుల ఫిర్యాదులను తీర్చడం ట్రాయ్ పని కాదు, కంపెనీకి పంపి ఊరుకుంటుంది. టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ కూడా వినియోగదారుల బృందం తెచ్చే వివాదాన్ని తీసుకుంటుంది గానీ ఒక్కరి ఫిర్యాదును తీసుకోదు. అప్పీలుతో కూడా పని కాకపోతే కేంద్ర టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగానికి సీపీగ్రామ్స్ పోర్టల్ ద్వారా పంపొచ్చు.

7. 1915కు ఒక ఫోన్

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులో మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, తీర్పు చెప్పదు. మీ ఫిర్యాదును నేరుగా కంపెనీలోని బాధ్యుల ముందు పెట్టి సమాధానం తెప్పిస్తుంది. అప్పీలు నడుస్తున్నప్పుడే దీన్నీ వాడుకోవచ్చు. మొత్తం, డాకెట్ నంబరు, మీకు కావాల్సిన పరిష్కారం మూడు వాక్యాల్లో చెప్పండి. కథంతా చెబితే రాసుకునేవారికి అసలు సంగతి చిక్కదు.

8. నల్గొండ కమిషన్

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. 2016 అక్టోబరులో సూర్యాపేట వేరు జిల్లా అయినా, ఉమ్మడి జిల్లాకు కమిషన్ నల్గొండలోనే ఉంది. అంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటివాళ్లదీ ఒకే దారి. కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా అక్కడికి పోనక్కర్లేదు. మీరు నివసించే చోట లేదా పనిచేసే చోట ఫిర్యాదు వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి. 2025 జనవరిలో మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వీడియో ద్వారా విచారణ కోరొచ్చు.

‘టెలికాం గొడవలు మీ పరిధిలోకి రావు’ అని కంపెనీ వాదిస్తే బెదరకండి. 2009లో సుప్రీంకోర్టు ఒక టెలిఫోన్ కేసులో పాత టెలిగ్రాఫ్ చట్టం ఆధారంగా అలా అన్న మాట నిజమే. ఆ తర్వాత వచ్చిన వొడాఫోన్ ఐడియా కేసు దాన్ని మార్చేసింది. నెలకు 249 రూపాయల ప్లాన్ ఉన్న అహ్మదాబాద్ వినియోగదారుకు 2013లో ఒక నెల 24,609 రూపాయల 51 పైసల బిల్లు వచ్చింది. ఆయన జిల్లా వినియోగదారుల ఫోరానికి (ఇప్పటి కమిషన్) వెళ్లాడు. కంపెనీ పరిధి మీదే సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 2022 ఫిబ్రవరి 16న ముగ్గురు జడ్జీల ధర్మాసనం వినియోగదారుల ఫోరాలకు అధికారం ఉందని తేల్చింది. 2019 చట్టంలోని ‘సేవ’ నిర్వచనంలో టెలికాం అన్న మాట పేరు పెట్టి మరీ ఉంది. ట్రాయ్ దారిలో ఫిర్యాదు చేసినా చేయకపోయినా ఈ హక్కు పోదు. అయినా ఆ మెట్లు ఎక్కి వస్తే మీ ఓపిక కమిషన్‌కు కనబడుతుంది.

రాసేటప్పుడు రెండు చిక్కులున్నాయి. మొదటిది: ‘అన్యాయమైన ఒప్పందం’ అని ప్రకటించమంటూ అడిగే ఫిర్యాదులు వినేది రాష్ట్ర కమిషనే, జిల్లా కమిషన్ కాదు. అందుకే నల్గొండలో వేసే ఫిర్యాదును సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న మాటల మీద నిలబెట్టండి. తీసుకోని సేవకు డబ్బు అడగడం, తిరిగి ఇచ్చిన రూటర్‌కు బిల్లు వేయడం, డిపాజిట్ ఆపుకోవడం ఈ రెండింటి కిందికీ వస్తాయి.

రెండోది: వ్యాపారం కోసం తీసుకున్న సేవకు ఈ చట్టం వర్తించదు. మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసు కనెక్షన్‌కు ఈ అభ్యంతరం రావచ్చు. కానీ సొంతంగా నడుపుకునే జిరాక్స్ షాపు, కుట్టు మిషన్ దుకాణం, మీ సేవ కేంద్రం లాంటివి బతుకుతెరువు కోసం స్వయం ఉపాధి కిందికి వస్తాయి. ఆ మాట ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయాలి.

ఫిర్యాదుతో పాటు అఫిడవిట్, జతల జాబితా, తేదీల పట్టిక పెట్టండి. నోటీసు అందాక కంపెనీకి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, కమిషన్ ఇష్టపడితే మరో 15 రోజులు. అంతకు మించి గడువు ఇవ్వకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. చాలా చిన్న మొత్తాలు నోటీసు చేరాక రాజీకి వస్తాయి. వస్తే ఒప్పందాన్ని కమిషన్ ముందే రాయించుకోండి.

9. ఈలోగా వచ్చే ఫోన్లు, నోటీసులు

మీరు ఫిర్యాదులు రాస్తున్నా వసూలు విభాగం దారి దానిదే. ఫోన్ వస్తే ఒకటే జవాబు: ‘ఈ మొత్తం వివాదంలో ఉంది, డాకెట్ నంబరు ఇది, మాట్లాడేది ఏమైనా ఉంటే ఈమెయిల్ పెట్టండి.’ వాదించకండి, కడతానని నోరు జారకండి. ఏజెంట్ ఇంటికొచ్చి బెదిరిస్తే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. బాకీ కట్టమంటూ తెలియని నంబరు నుంచి లింకు వస్తే నొక్కకండి. ఇలాంటి లింకుల్లో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

లాయరు నోటీసు వచ్చినా, లోక్ అదాలత్‌కు రమ్మని కాగితం వచ్చినా అది తీర్పు కాదు. లాయరు నోటీసుకు మీ ఉత్తరం కాపీతో జవాబు పంపండి. లోక్ అదాలత్‌కు మాత్రం వెళ్లండి. పాత ఫోన్ బాకీలు అక్కడ రాజీతో తేలడం మామూలే. ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు అవుతుంది, దాని మీద అప్పీలు లేదు కాబట్టి మీ లెక్క కాగితం దగ్గర పెట్టుకుని ఒప్పుకోండి.

తేలాక

‘సరే సార్, తీసేశాం’ అన్న ఫోన్ మాటతో ఆగకండి. సవరించిన బిల్లు, బాకీ సున్నా అన్న పత్రం, డిపాజిట్ జమ అయిన వివరం, ఈ మూడూ చేతికొచ్చాకే ఫైలు మూయండి. కొన్ని నెలలయ్యాక క్రెడిట్ రిపోర్టు ఒకసారి చూసుకోండి. అందులో బాకీ కనబడితే ఆ పత్రంతో క్రెడిట్ బ్యూరోలో అభ్యంతరం పెట్టండి.

కొత్త ఇంట్లో మళ్లీ కనెక్షన్ పెట్టించుకునేటప్పుడు, ఓటీపీ చెప్పకముందే ఆపరేటర్‌ని నాలుగు ప్రశ్నలు వాట్సాప్‌లో అడగండి. ఎన్ని నెలల కట్టుబాటు? మధ్యలో తీసేస్తే ఎంత, ఏ లెక్కన? రూటర్ ఎవరిది, తిరిగి ఇస్తే రసీదు ఎవరిస్తారు? ఇల్లు మారితే లైన్ లేనిచోట చార్జీ పడుతుందా? నోటితో ‘ఏం కాదన్నా’ అనేవాళ్లు చాలామంది ఉంటారు. అదే మాట రాసి పంపే ఆపరేటర్ దగ్గర కనెక్షన్ తీసుకోండి.